మందుల మురుగుకు బూజు విరుగుడు

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదులుతున్న నీటిని పరీక్షించిన ఫలితాలను ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ తేలింది. కొన్ని బ్యాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. ఇది ఫ్యాక్టరీ గేటు దాటిన మురుగు కాదు, సుమారు 90 మందుల పరిశ్రమల నీటిని శుద్ధి చేసి వదిలిన నీరు! ఇలాంటి కేంద్రాల్లో మురుగును తినేది ప్రధానంగా బ్యాక్టీరియానే. బ్యాక్టీరియాను చంపడానికే తయారైన మందును అదే బ్యాక్టీరియాకు అప్పగిస్తే శుద్ధి కుంటుపడుతుంది, బతికి బయటపడ్డవి మందుకు లొంగని రకాలుగా మారతాయి. అందుకే ఈ పనిలో శిలీంధ్రాలకు చోటివ్వాలి.

ఎండు మానులను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాలు చెక్కలోని లిగ్నిన్‌ను ఛేదిస్తాయి. ఆ అణువు కణంలోకి పట్టనంత పెద్దది కనుక ఎంజైములను బయటికే వదులుతాయి. అవి ఫలానా పదార్థమనే పట్టింపు లేకుండా ఎన్నో రసాయనాలను తునకలు చేస్తాయి. ఈ శిలీంధ్రాల్లో ఒకటైన ఫానెరోకీటె క్రైసోస్పోరియం డీడీటీ, లిండేన్ వంటి పురుగుమందులను సైతం విచ్ఛిన్నం చేస్తుందని అమెరికా పరిశోధకులు 1985లోనే చూపారు. అది 40 డిగ్రీల వేడిలోనూ చక్కగా పెరుగుతుంది, మన ఎండలకు ఇది చిన్న సుగుణం కాదు. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ దెబ్బ బ్యాక్టీరియా డీఎన్ఏ ఎంజైములపైనే, శిలీంధ్రానికి దాదాపుగా తగలదు.

ప్రయోగశాలలో బతికింది మురుగులో బతుకుతుందా అన్న సందేహం న్యాయమైనదే. స్పెయిన్‌లో బార్సిలోనా పరిశోధకులు వేడిచేసి సూక్ష్మజీవులను చంపని ఆసుపత్రి మురుగునే తీసుకుని, ట్రామెటిస్ వెర్సికలర్ అనే ఇలాంటి మరో శిలీంధ్రపు ఉండలను గాలి పోసే తొట్టెలో ఉంచారు. పీహెచ్ 4.5 వద్ద నిలిపి గ్లూకోజు అందించారు. చాలా మందుల అవశేషాలు తగ్గాయి, ఒకటి రెండు మాత్రం పెరిగాయి. శరీరంలో వేరే అణువులతో జతకట్టి వచ్చినవి విడివడి మళ్లీ అసలు మందుగా మారడమే అందుకు కారణమని భావిస్తున్నారు. కాబట్టి మందు మాయమైందా అని చూస్తే చాలదు, మిగిలిన నీటి విషతీవ్రతనూ కొలవాలి. ఆమ్లత్వం, తిండి, నిలకడ కావాల్సిన ఈ జీవిని ఉప్పులు, ద్రావకాలు కలగలిసిన ఉమ్మడి మురుగులో వేయడం వృథా. ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీలో, యాంటీబయోటిక్ మురుగు మిగతావాటితో కలవకముందే పట్టుకోవాలి. మురుగులో భార లోహాలు ఉంటే వాటి మాట వేరు: శిలీంధ్రం వాటిని పట్టి ఉంచగలదే కానీ నాశనం చేయలేదు. ఆ బూజునూ ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి.

బూజు పేరు చెప్పి యాజమాన్యాలు బాధ్యత దులుపుకుంటాయన్న భయానికి జవాబు చట్టమే. వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో వాటిని తొలగించింది. పరిమితి లేనిచోట ఖర్చుపెట్టి తొట్టె కట్టే యజమాని ఎవరు? కేంద్రం ఆ పరిమితులను తిరిగి తేవాలి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరులో కనీసం ఒక్క ఫ్యాక్టరీలోనైనా శిలీంధ్ర శుద్ధిని పరీక్షించి, ఫలితాలు ఎలా ఉన్నా ప్రజల ముందు పెట్టాలి.