బ్యాటరీని చంపేది చలి కాదు మహాప్రభో, ఎండ!

డిసెంబరు వచ్చిందంటే చాలు, "చలికాలంలో మీ కారు బ్యాటరీ జాగ్రత్త" అని ఓ మెసేజి ఊరేగడం మొదలెడుతుంది. అది మంచు కురిసే దేశాల వాళ్లు వాళ్ల అవసరానికి రాసుకున్న ముక్క. బ్యాటరీ మీద సీసీఏ అని ఓ అంకె ఉంటుంది చూడండి, మైనస్ 18 డిగ్రీల దగ్గర అది ఎంత కరెంటివ్వగలదో చెప్పే లెక్క అది. మైనస్ 18! మన బెజవాడలో డీప్ ఫ్రిజ్జులో తప్ప ఆ చలి ఎక్కడుందండీ?

అదే మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలుంటే, ట్రాఫిక్కులో ఇరుక్కున్న కారు బానెట్టు కింద ఎంతుంటుందో ఊహించుకోండి. దాని గురించి మాత్రం ఒక్కడూ మెసేజి పంపడు.

లోపల జరిగేది చెప్తాను. మామూలు కారు బ్యాటరీ అంటే సీసం ప్లేట్లు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. వేడెక్కితే రసాయన చర్య జోరందుకుంటుంది. అందుకే ఎండాకాలంలో సెల్ఫు కొట్టగానే బండి టక్కున స్టార్టవుతుంది, మనం మురిసిపోతాం. కానీ అదే వేడి ప్లేట్ల లోపలి సీసపు జాలీని తినేస్తుంది, నీళ్లని హరించేస్తుంది, ఊరికే పెట్టిన బండిలో కూడా ఛార్జిని తొందరగా దింపేస్తుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుందనేది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క.

తమాషా ఏంటంటే, మేలో దెబ్బతిన్న బ్యాటరీ మేలోనే పోవాలని లేదు. జులైలో ఓ ముసురు రోజునో, జనవరిలో ఇంజన్ ఆయిల్ చిక్కబడ్డ ఓ పొద్దునో మొరాయిస్తుంది. నేరం చలి మీదకి పోతుంది. ప్రోగ్రామ్ క్రాషైన లైనులోనే బగ్గు ఉండాలని రూలేం లేదు కదా! అసలు బగ్గు రెండు వేల లైన్ల పైన ఎక్కడో కూర్చుని నవ్వుతుంటుంది. ఇదీ అంతే.

ఇక షాపులో మంత్రం: "మూడేళ్లే సార్ దాని లైఫు." ఎవరు రాశారండీ ఆ తలరాత? తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు దశాబ్దాలుగా బ్యాటరీలు చేస్తున్నారు. తయారీ మన గుమ్మంలోకి వచ్చింది, చూసుకునే జ్ఞానం మాత్రం ఇంకా రాలేదు. "మెయింటెనెన్స్ ఫ్రీ" అని స్టిక్కరుంటే చాలు, ఇక బానెట్టు ఎత్తక్కర్లేదని తీర్మానించేస్తాం. నీళ్లు పోసే పని లేదని దానర్థం, అసలు చూడక్కర్లేదని కాదు.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ వారంలోనే ఓసారి చూపించండి. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.4 కంటే దిగితే ఛార్జింగు పెట్టించండి. ఇంజను నడుస్తుండగా 15 దాటుతోందంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ సంగతి చూడాలి, ఎండాకాలంలో ఓవర్‌ఛార్జింగు మరీ ప్రమాదం. వోల్టేజి ఒక్కటే చాలదు, లోడ్ టెస్టు కూడా అడగండి. అడక్కపోతే ఎవరూ చెయ్యరు.

నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. బోరు నీళ్లు వద్దు. "ఏసీలోంచి కారే నీళ్లు ప్యూరే కదా" అనే మేధావుల మాట అసలే వద్దు, ఆ నీళ్లు కాయిల్ మీది దుమ్మునీ లోహాన్నీ కడుక్కుంటూ వస్తాయి. కొన్ని కార్లలో బ్యాటరీ చుట్టూ వేడి తగలకుండా ఓ తొడుగు వస్తుంది. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు దాన్ని తీసి మూల పడేసే మెకానిక్కులున్నారు, దగ్గరుండి మళ్లీ పెట్టించండి. కొత్తది కొంటే తయారీ తేదీ కోడు చదివి చెప్పమనండి. రేకుల గోడౌన్‌లో రెండు ఎండాకాలాలు చూసిన సరుకు "కొత్తది" ఎలా అవుతుంది?

అన్నిటికన్నా చవక మందు నీడ. మన అపార్టుమెంటు కమిటీలు ఆకులు రాలుతున్నాయని చెట్లు కొట్టించి, ఆ జాగాలో టైల్స్ పరిపించి, దానికి "ఓపెన్ పార్కింగ్" అని పేరుపెట్టి అమ్ముకుంటాయి. ఆ పార్కింగు అసలు ఖరీదు బ్యాటరీ షాపు బిల్లులో తెలుస్తుంది.

"మాది ఎలక్ట్రిక్ కారు, మాకీ గోల లేదు" అంటారా? లైట్లకీ లాకులకీ అందులోనూ విడిగా ఓ 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, చాలా వాటిల్లో అదీ సీసందే. పోనీ పెద్ద బ్యాటరీ లిథియందైనా, దానికీ ఎండంటే పడదు.

"పోతే పోయింది, ఓ ఐదారు వేలు" అనుకునేవాళ్లకి ఇంకొక్క మాట. పోయేది మన డబ్బొక్కటే కాదు. పాత బ్యాటరీని డీలరుకి తిరిగిచ్చి రసీదు తీసుకుంటే సరే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా అది సరైన చోటికి చేరాలనే చెప్తున్నాయి. వంద ఎక్కువిస్తాడని పాత సామాన్ల వాడికేస్తే, అది ఊరి చివర ఏ కొలిమిలోనో కరుగుతుంది. యాసిడ్ మట్టిలోకి, సీసం పొగ గాల్లోకి. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుందన్నది ఎప్పుడో తేలిన విషయం. ఆరేళ్లలో ఒకటి చాలాల్సిన చోట రెండు బ్యాటరీలు తగలేస్తే, ఆ రెండోది మన బద్ధకం ఖాతాలోదే. దాన్ని చలి ఖాతాలో రాయకండి!