ఉప్పునీటి తొట్టి

మన వైపు సముద్రమంటే చెరువనే అర్థం. నాగర్‌కర్నూలులో కేసరి సముద్రం ఉన్నది. వనపర్తి చేరువలో సరళాసాగరం ఉన్నది. పేర్లు ఘనమైనవేగాని, రెండింటిలోనూ ఉన్నవి మంచినీళ్లే. కృష్ణా తుంగభద్రల నడుమ కూర్చున్న గద్వాలకు కూడా ఉప్పునీటి యోగం లేదు. అటువంటి చోట అసలు సిసలు సముద్రం మొన్న మొన్నటి దాకా ఒకటి ఉండేది: వనపర్తిలో, మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుని ముందుగదిలో, నాలుగడుగుల గాజుతొట్టిలో, రెండు వందల లీటర్లు. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపలూ, నీలాల తునకల్లాంటి చిన్నచేపలూ అందులో తిరుగుతూ ఉంటే, చూడవచ్చినవాళ్లు చేతిలో కాఫీ చల్లారిపోయే దాకా కదిలేవారు కారు.

మే నెలలో ఒకనాటి రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయి, తెల్లవారే దాకా రాలేదు. పొద్దున లేచి చూస్తే ఒక్క క్లౌన్ చేప తప్ప మిగిలినవన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆ ఒక్కటి ఇప్పుడు వంటింటి పక్కన ప్లాస్టిక్ టబ్బులో కాలక్షేపం చేస్తున్నది. తొట్టి మాత్రం కడిగి బోర్లించారు.

మళ్లీ నింపడమా, మానడమా? ఇంటిల్లిపాదికీ ఇదే చర్చ. ప్రబంధాల్లోని సముద్రవర్ణన పాఠం చెప్పుకుని బతికే నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు.

"ఇంత పైసా పోసి కొన్న సామాను సార్, మూలకు పెడితే ఎట్ల?" అని మిత్రుని వాదం.

"ఆ పైసలతోని రెండు గద్వాల చీరలొస్తుండె అన్నా! పోయినయి పోనియ్యక ఇంకా పోస్తనంటరు" అని చెల్లెమ్మ వాదం.

ఏడో తరగతి చదివే అమ్మాయి మాత్రం ఒక్క మాటే అడిగింది. "మరి టబ్బులున్నదాని సంగతేంది మామా?"

ముగ్గురిలో నాకు బలంగా తోచింది అమ్మాయి వాదమే. మిత్రుని వాదం అన్నిటికన్నా బలహీనమైనది. ఖర్చయిపోయిన డబ్బు నింపినా తిరిగి రాదు, నింపకపోయినా తిరిగి రాదు. అందుచేత దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. చెల్లెమ్మ చెప్పిన చీరల లెక్క కూడా అంతే గదా అని మీరనవచ్చు. నిజమే, కాని ఆమె మనసులో ఉన్నది చీరలు కాదని తరువాత తెలిసింది.

ఈ వ్యసనం కొత్తది కాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచింది 1853లో. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు అక్వేరియం మీద పుస్తకం రాయడంతో ఇంగ్లండులో ఇంటింటికీ గాజుతొట్టి వచ్చింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం లవణాలు కలిపి సముద్రజలం తయారుచేసే పద్ధతిని కూడా ఆయన చెప్పాడు. కొన్నేళ్లకే ఆ మోజు చల్లారింది, తొట్లు అటకెక్కాయి. మన దగ్గర 1909లో మదరాసు మెరీనా తీరాన ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో అక్వేరియం వెలిసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మదరాసు కిందనే ఉండేవి గనుక దాన్ని మనది కూడా అనుకోవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం నాడు అది మూతబడింది. మునుపటి వైభవం దానికి మళ్లీ రాలేదు. గుమ్మం ముందే సముద్రం ఉన్న చోట సంగతే అట్లా అయితే, వనపర్తి మాట చెప్పాలా?

అయినా నేను వెంటనే వద్దనలేదు. మిత్రుణ్ణి అతని నోటుపుస్తకం అడిగాను. ఎంతైనా కెమిస్ట్రీ పంతులు గనుక తేదీలు వేసి రాసుకున్నాడు. మార్చి నుంచి మే దాకా ఉన్న ఆ నాలుగు పేజీలు చదివితే, చేపలను చంపింది కరెంటు ఒక్కటే కాదని తెలిసిపోయింది.

సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో నూటికి 86 వంతులు సోడియం, క్లోరైడులే. మిగిలిన కొద్దిలో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు మొదలైనవి. వంటింటి ఉప్పు కలిపితే చాలకపోవడానికి కారణమిదే. అంటే ఆ తొట్టిలో ఏడు కిలోల లవణాలున్నాయన్నమాట. మన ఎండలకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది. అందుకని తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. ఏప్రిల్‌లో మిత్రుడు జవాబుపత్రాలు దిద్దడానికి పది రోజులు ఊరు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ భార్యతో "ఆ డబ్బాలో నీళ్లు పోస్తుండు" అని చెప్పాడు. ఆ డబ్బాలో ఉన్నవి కలిపి పెట్టిన ఉప్పునీళ్లు! ఇరవై లీటర్లు ఆవిరైన చోట ఇరవై లీటర్ల ఉప్పునీళ్లు పడితే లీటరుకు 35 ఉన్నది 38.5 అవుతుంది. పుస్తకంలో అంకె సరిగ్గా అంతే ఉన్నది. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిది తప్పెట్లా అవుతుంది?

ఇక రెండో సంగతి. ఊరినుంచి వచ్చిన ఉత్సాహంలో ఆయన హైదరాబాదు నుంచి ఒకేసారి నాలుగు కొత్త చేపలు తెచ్చి వేశాడు. చేపల విసర్జనల వల్ల నీటిలో అమోనియా పుడుతుంది. అది విషం. కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారిస్తే, మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుతో అంత ప్రమాదం లేదు. ఆ సూక్ష్మజీవుల సంసారం ఫిల్టరులోనూ, ఇసుకలోనూ, రాళ్లమీదనూ ఉంటుంది. ఉన్న చేపలకు సరిపడేంతే పెరుగుతుంది. చుట్టాలు ఒక్కసారిగా దిగితే వంట చాలనట్టు, కొత్త చేపలు వచ్చిపడితే అమోనియా మిగిలిపోతుంది. పైగా ఉప్పునీరు క్షారగుణం గలది గనుక అందులో అమోనియా విషం మంచినీటిలో కంటె ఎక్కువగా తలకెక్కుతుంది.

మూడవది వేడిమి. నీరు వెచ్చబడేకొద్దీ అందులో ఆక్సిజను తగ్గుతుంది. ఉప్పు ఎక్కువైనా తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, సముద్రజలంలో 7కు లోపే కరుగుతుంది. పుస్తకంలో ఆ వారం తొట్టి వేడిమి 32 అని ఉన్నది. ఈ స్థితిలో కరెంటు పోయి పంపులు ఆగితే చేపలూ, వాటిని కాపాడే సూక్ష్మజీవులూ కూడా ఊపిరాడక పోవలసిందే. కరెంటు పోకపోతే ఇంకో నెల గడిచేదేమో, అంతకు మించి గడిచేది కాదని నా అనుమానం.

వనపర్తి వారికి సరళాసాగరం కథ గుర్తు చేస్తాను. 1949లో పునాది వేసి, 1959లో ప్రారంభించిన ఆ ప్రాజెక్టులో నీరు నిండగానే దానంతట అదే పొంగి బయటికి పోయే సైఫన్ల ఏర్పాటు ఉన్నది. (తొట్టిలో నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో లాగేది కూడా ఆ కిటుకుతోనే సుమా.) 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది. నీళ్లన్నీ పోయాయి. తెగిన చోటు కట్టిన తరువాతనే మళ్లీ నీరు నిలిపారుగాని, గండి పక్కన కూర్చుని వాన కోసం చూడలేదు. మిత్రుడు మాత్రం అప్పటికే కొత్త చేపల ధరలు విచారిస్తున్నాడు!

అందుకని నేను చెప్పిన తీర్పు ఇది. తొట్టి నింపు, చేపలు వెయ్యకు. నలభై రోజులు వట్టి నీళ్లను పెంచు. చిటికెడు చేపల మేత వేస్తూ ఉంటే అది కుళ్లి అమోనియా పుడుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు మెల్లగా కుదురుకుంటాయి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా కలిపినట్టే, ఇక్కడ తొందర పనికిరాదు. ఆ నలభై రోజులూ గాజుమీద గీత గీసి, తగ్గిన నీళ్లు రోజూ పోసి, ఉప్పు కొలిచి రాయాలి. క్లోరిను కలిసిన నల్లా నీళ్లూ, బోరు నీళ్లూ కాకుండా ఆర్.ఓ. నీళ్లే వాడాలి. రెండు డబ్బాలమీదా పెద్ద అక్షరాలతో పేర్లు రాసి పెట్టాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలిపంపు ముందే కొనాలి. తొట్టిని పడమటి కిటికీ పక్కనుంచి జరపాలి. వట్టి నీళ్లకే ఈ సేవ చెయ్యలేమని పదిహేనో రోజున తేలిందనుకోండి, పోయింది ఉప్పు ఖర్చే. ఏ ప్రాణమూ పోలేదు.

పగడాల మాట ఎత్తగానే వద్దన్నాను. పగడపు దిబ్బలు కట్టే జీవులనూ, సముద్రపు గుర్రాలనూ 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. దుకాణంవాడు ఎంత నవ్వుతూ ఇచ్చినా తీసుకోకూడదు. చేపల్లో కూడా సముద్రంలో పట్టి తెచ్చినవి కాక, పెంపకంలో పుట్టినవే అడగాలి. క్లౌన్ చేపలను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కూడా తొట్లలో పిల్లలు పెట్టించారు. ఆ చేపలు పదేళ్లకు పైగా బతుకుతాయి. ఈ మాట విని అమ్మాయి వేళ్లు లెక్కపెట్టుకున్నది. అప్పటికి ఆమె చదువు కోసం ఏ ఊళ్లో ఉంటుందో!

అప్పుడు చెల్లెమ్మ అసలు సంగతి చెప్పింది. "పెట్టుకోండ్రి, నాకేం లేదు. కాని నీళ్లు పోసుడు, మేతలు వేసుడు మల్ల నా మీద పడొద్దు. మీరు ఊరికి పోతే ఎవరు చూస్తరో ముందుగాలనే రాసివెట్టుండ్రి."

ఇంత సేపటి చర్చలో నా మనసుకెక్కిన షరతు అదే. కాగితం రాశారు. ఉదయం తండ్రి, సాయంత్రం కూతురు, తండ్రి ఊళ్లో లేనప్పుడు ఎదురింటి డిగ్రీ కుర్రవాడు. చెల్లెమ్మ పేరు ఎక్కడా లేదు. టబ్బులోని చేపను ఆ నలభై రోజులూ హైదరాబాదులో ఎవరి తొట్టిలోనైనా ఉంచమని నేను సలహా ఇచ్చాను. టబ్బులో సూక్ష్మజీవుల అండ లేదు గదా. అమ్మాయి ససేమిరా అన్నది. రోజూ పావువంతు నీళ్లు మారుస్తూ, తేదీ వేసి తనే రాస్తున్నది. ఆమె రాత తండ్రి రాత కన్నా పొందికగా ఉన్నది.

ఇది రాసేనాటికి ఇరవయ్యారో రోజు. అమోనియా సున్నాకు వచ్చింది. నైట్రైటు ఇంకా దిగలేదు. మిత్రుడు రోజూ స్టాఫ్ రూములో ఆ అంకె చెపుతున్నాడు, వినడానికి మేమూ అలవాటు పడ్డాం.

నింపేవారికీ, ఎత్తివేసేవారికీ కూడా పనికివచ్చే మాట ఒకటి మిగిలింది. తీసేసిన ఉప్పునీళ్లను పెరట్లో పొయ్యకండి. రెండు వందల లీటర్లంటే ఏడు కిలోల ఉప్పు. కనకాంబరాలూ కరివేపచెట్టూ ఎండి, ఆ మట్టి చాలాకాలం కోలుకోదు. చెరువులో అసలే వద్దు. మోరీలో కొద్దికొద్దిగా, వెంట మామూలు నీళ్లు పోస్తూ వదలాలి.