‘సిస్టంలో ఉర్దూ రాదు’ అనే మాట ఇంకెన్నాళ్లు?

ఈ మధ్య నర్సంపేటలో ఒక ఆఫీసుకు మా నానీని తీసుకెళ్లాను. ఆమెకు ఉర్దూ తప్ప ఇంకో లిపి రాదు. ఉర్దూలో రాసిన దరఖాస్తు చూసి, "సిస్టంలో ఉర్దూ రాదమ్మా, తెలుగులో రాయించుకొని రండి" అన్నారు. నానీ ఏమీ అనకుండా తిరిగొచ్చింది.

మిషన్‌కు ఉర్దూ రాదన్న మాట ఒకప్పుడు నిజమే. పాతకాలంలో కంపోజిటర్ ఒక్కో సీసపు అక్షరం ఏరి పేర్చేవాడు. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో లైనోటైప్ మిషన్ మొదలైంది. ఆపరేటర్ కీలు నొక్కితే ఇత్తడి అచ్చులు వరుసగా వచ్చి చేరేవి. వాటిలోకి కరిగిన సీసం పోసి లైను మొత్తాన్ని ఒకే కడ్డీగా తీసేది ఆ మిషన్. ఇంగ్లిష్ పత్రికల పని ఒక్కసారిగా వేగమైంది.

కానీ దానికి ఉన్నవి 90 కీలే. ఉర్దూ నస్తలీఖ్‌లో పక్కనున్న అక్షరాన్ని బట్టి అక్షరం రూపం మారుతుంది, పదం ఏటవాలుగా కిందికి దిగుతుంది. తిన్నటి సీసపు కడ్డీలో అది ఇమడలేదు. అందుకే హైదరాబాద్ ఉర్దూ పత్రికలు దశాబ్దాల పాటు కాతిబ్‌ల కలం మీదే నడిచాయి. వాళ్లు చేత్తో రాసిందే అచ్చయ్యేది.

1981లో మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తలీఖ్ తెచ్చారు. అందుకోసం వేల అక్షరాల కలయికలను చేత్తో రాశారు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక మామూలు కంప్యూటర్ మీదే ఉర్దూ పేజీ తయారైంది. ఇప్పుడైతే జేబులో ఫోన్ చాలు.

చట్టం కూడా ఉంది. 2017 నవంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ బిల్లు ఆమోదించింది.

నేను బీకాం చదివినోణ్ణి, ఖర్చు లెక్క చూస్తాను. ఫాంట్‌కు పైసా ఖర్చు లేదు, కీబోర్డు ఫోన్లోనే ఉంది. కావాల్సింది ఉర్దూ చదివి నమోదు చేసే మనిషి. అంటే ఇది ఇప్పుడు మిషన్ సమస్య కాదు, నియామకాల సమస్య. ఆఫీసులను అడగాల్సింది ఆ పోస్టు గురించే.

మన తప్పూ ఉంది. పెళ్లి కార్డు మీద పైన ఒక్క లైను ఉర్దూ, మిగతాదంతా ఇంగ్లిష్. ఇంట్లో పిల్లలకు నానీ రాసిన చీటీ చదవడం రాదు. ఉర్దూలో దరఖాస్తులే రాకపోతే, "అడిగేవాళ్లే లేరు" అని ఆఫీసు తేలిగ్గా చెప్పేస్తుంది.

అందుకే నానీ దరఖాస్తును తెలుగులోకి మార్చలేదు. అదే కాగితం పట్టుకొని మళ్లీ వెళ్తున్నాం, ఈసారి తీసుకున్నట్టు రసీదు అడుగుతాం.