తడి ఆరిన కన్ను

దేవతలకు అనిమిషులని పేరు. అంటే రెప్పలార్పనివారు. భారతంలోని నలోపాఖ్యానం చదివినవారికి స్వయంవర ఘట్టం గుర్తుండే వుంటుంది. మండపంలో ఐదుగురు నలులు ఒకే పోలికతో కూర్చున్నారు. వారిలో నలుగురు దేవతలు, ఒక్కడే మనిషి. నిజరూపం తెలిసేట్టు చేయమని దమయంతి ఆ దేవతలనే వేడుకున్నది. అప్పుడు చూస్తే నలుగురికి చెమట లేదు, పాదాలు నేలకు ఆనలేదు, రెప్పపాటు లేదు. రెప్ప ఆర్చిన వాడెవడో తెలిసింది. వాడి మెడలో దండ వేసింది.

రెప్పపాటు మనిషి లక్షణమన్నమాట. దేవతల సంగతి ఏమో గాని, మనిషి రెప్పలార్పడం తగ్గిస్తే కన్ను ఎండుతుంది. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలారుస్తాం. కంప్యూటరు ముందో, సెల్‌ఫోను పట్టుకునో కూర్చుంటే అది సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోతుంది. ఆర్చినప్పుడైనా రెప్ప పూర్తిగా మూతపడదు. ఇక సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. మంట, బరువు. చదువుతూ వుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, రెండుసార్లు రెప్పలారిస్తే మళ్ళీ తేటపడతాయి.

ఈ బాధ కొత్తది కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శుష్కాక్షిపాకమని ఒక కంటి జబ్బు వున్నది. రెప్పలు బిరుసెక్కడం, చూపు మసకబారడం, కన్ను తెరవడమే కష్టం కావడం దాని లక్షణాలు. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక ముందు ఆ మాట దగ్గర ఆగిపోయాను. వైద్యుల పుస్తకాలు తిరగేశాక తెలిసిందేమంటే, ఎండడం ఒక్కటే గాని ఎండడానికి కారణాలు అనేకం.

“నా కళ్ళు ఎండడమేమిటి, ఎప్పుడూ నీళ్ళు కారుతూనే వుంటాయే!” అని మీలో కొందరికి అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే వున్నది. కన్నీరంటే వుత్త నీరు కాదు. కంటిని అంటిపెట్టుకొని జిగురు, దానితో కలిసి నీరు, అన్నిటికంటె పైన పలచని నూనె పొర. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె లోపలి ఊటను కాపాడినట్టు, ఈ నూనె కంటి తడిని గాలికి ఆరిపోకుండా కాపాడుతుంది. దీన్ని తయారుచేసే గ్రంథులు రెప్పల అంచుల్లో వరుసగా వుంటాయి, పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరే వీటికి స్థిరపడింది. రెప్ప ఆర్చినప్పుడల్లా ఆ నూనె కాస్త బయటికి వచ్చి కంటిమీద పరుచుకుంటుంది. గ్రంథుల నోళ్ళు మూసుకుపోతే నూనె రాదు, తడి నిలవదు, కన్ను మండుతుంది. మండిన కన్ను బొటబొటా నీళ్ళు కారుస్తుంది. ఆ నీరు చెంపల మీదికి జారిపోతుందే గాని కంటిమీద నిలవదు. అందుచేత నీళ్ళు కారే కన్ను కూడా ఎండిన కన్నే కావచ్చు.

రెండో రకంలో అసలు నీరే తక్కువ ఊరుతుంది. దీన్ని కొలవడానికి 1903లో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన పరీక్ష ఈనాటికీ వాడుకలో వుంది. సన్నని కాగితపు ముక్కను కింది రెప్పకు తగిలించి 5 నిమిషాలు వుంచుతారు. 5 మిల్లీమీటర్లయినా తడవకపోతే నీరు బాగా తక్కువని అర్థం.

ఈ రెండో రకం విషయంలో ఇంటి ఇల్లాలిని గురించి ఒక మాట చెప్పాలి. ముద్దముద్దకూ నీళ్ళు తాగితే గాని అన్నం దిగదు. కీళ్ళు నొస్తాయి. కళ్ళు మండుతాయి. నోటి సంగతి పళ్ళ డాక్టరుకు, కీళ్ళ సంగతి ఎముకల డాక్టరుకు చెబుతుంది. కళ్ళ మంట పొయ్యి దగ్గర నిలబడ్డందువల్లనే అనుకుని ఎవరికీ చెప్పదు. ఆ మూడూ ఒకే జబ్బు కావచ్చు. 1933లో స్వీడన్ దేశపు నేత్రవైద్యుడు షోగ్రెన్ వర్ణించిన జబ్బు అది. శరీరపు రక్షణశక్తే దారి తప్పి కన్నీటి గ్రంథులనూ, లాలాజల గ్రంథులనూ దెబ్బతీస్తుంది. ఎక్కువగా వచ్చేది స్త్రీలకే. మూడు బాధలూ కలిపి ఒక్క డాక్టరుకు చెబితే దారి దొరుకుతుంది. వయసు పైబడడం, నెలసరి ఆగిపోవడం, జలుబుకూ మానసిక వ్యాధులకూ వాడే కొన్ని మందులు, కాంటాక్టు లెన్సులు కూడా కంటిని ఎండబెట్టగలవు.

ఇక చుక్కల మందుల సంగతి. మా మిత్రుడొకాయన, చరిత్ర అధ్యాపకుడు, కళ్ళు ఎర్రబడ్డాయని మందుల షాపులో అడిగి ఒక సీసా తెచ్చుకున్నాడు. మూడు రోజుల్లో ఎరుపు పోయింది. మంట పుట్టినప్పుడల్లా అదే వేసుకుంటూ ఏడాది గడిపాడు. అందులో స్టెరాయిడ్ వున్నదని ఆయనకు తెలియదు. కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బు వచ్చింది. ఎడమకంటి పక్కచూపు కొంత పోయింది. అలా పోయిన చూపు తిరిగి రాదు. స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు, డాక్టరు చెప్పినన్ని రోజులే, ఆయన కనిపెట్టి చూస్తుండగానే వాడవలసిన మందు. కళ్ళను తెల్లబరిచే చుక్కలు వేరొక రకం. అవి ఎరుపును దాస్తాయే గాని ఎండకు తడినివ్వవు.

తడినిచ్చేవి కృత్రిమ కన్నీటి చుక్కలు. రోజుకు నాలుగు సార్లకు మించి వాడవలసి వస్తే, నిలవ వుండడానికి కలిపే రసాయనం లేనివి అడగండి. ఆ రసాయనమే తరచుగా పడితే కంటికి కీడు. నూనె గ్రంథులు మూసుకుపోయినవారు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలమీద పది నిమిషాలు వుంచి, తరువాత రెప్పల అంచులు మెల్లగా తుడుచుకోవాలి. కాటుకను రెప్ప లోపలి అంచుకు పెట్టవద్దు, గ్రంథుల నోళ్ళు అక్కడే వున్నాయి. ఫాను గాలి, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలనివ్వవద్దు. కంప్యూటరు తెర కంటిమట్టానికి కాస్త దిగువన వుండాలి. ఆముదం, తేనె, చనుబాలు కంట్లో పోయవద్దు. వీటితో లొంగకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలున్నాయి, కన్నీరు ముక్కులోకి పోయే రంధ్రాలకు పెట్టే చిన్న బిరడాలున్నాయి. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాలి.

పిల్లలున్న ఇంటివారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తాంబూలపు సున్నం పొట్లాం పిల్లవాడి చేతిలో చిట్లి కంట్లో పడితే నల్లగుడ్డు అంచున వుండే మూలకణాలు కాలిపోతాయి. ఆ కణాలు లేకపోతే కంటి పైపొర మళ్ళీ పెరగదు. వెంటనే, ఉన్నచోటనే, ధారగా మంచినీళ్ళతో అరగంటసేపు కడగాలి, రెప్పల కింద సున్నపు పలుకులు మిగలనివ్వకూడదు. ఆసుపత్రి ఆ తరువాత. ఇలా దెబ్బతిన్న కళ్ళకు హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు ఒక సులువైన శస్త్రచికిత్స కనిపెట్టి 2012లో ప్రకటించారు. బాగున్న రెండో కంటి అంచునుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద అమర్చి దెబ్బతిన్న కంటికి అతికిస్తారు. నారు పోసినట్టే. ఐతే కంట్లో బొత్తిగా తడి లేకపోతే ఈ నారు బతకడం కష్టం. నేలలో పదునుంటేనే గదా మొలక!

కన్ను విపరీతంగా నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా రేపటికి వాయిదా వేయకుండా ఆనాడే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పసివాడు రేచీకటితో తడుముకుంటూ వుంటే ఏ విటమిను లోపమేమో చూపించండి, ఆ లోపం కంటిని ఎండబెట్టి గుడ్డితనం దాకా తీసుకుపోగలదు.

ఇంతసేపు చదివారు గదా, ఎన్నిసార్లు రెప్పలార్చారో! పేజీ తిప్పి సీరియల్‌లోకి వెళ్ళేముందు ఒకసారి కళ్ళు నిండుగా మూసి తెరవండి.