పెచ్చు ఊడి పడేదాకా ఆగాలా?

మా వంటింటి స్లాబు మీద మొదట కనిపించిన మరక అరచేయంత. సరిగ్గా పొయ్యిగట్టుకు పైన. రోజుకు నాలుగైదు గంటలు దాని కిందే నిలబడతాను కాబట్టి ముందు చూసింది నేనే. మా వారికి చూపిస్తే, తల పూర్తిగా ఎత్తకుండానే "వాన నెమ్ములే, ఎండలొస్తే అదే ఆరుతుంది" అన్నారు. ఆయన్నీ అనడానికి లేదు. అది 2023 డిసెంబరు. బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటిన రోజులు. ఎవరింట్లో చెమ్మ కనిపించినా తుపాను మీదకే తోసేశాం.

సంక్రాంతికి సున్నం వేయించాం. పండగ వెళ్ళిన వారానికి మరక మళ్ళీ తేలింది. ఈసారి పళ్ళెమంత. చుట్టూ ఉప్పు పొంగినట్టు తెల్లటి పొక్కులు. స్టూలెక్కి దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీఖు వేశాను. "స్లాబుకు జాతకం రాస్తున్నావా?" అని ఇంట్లో నవ్వులు.

ఏప్రిల్ వచ్చింది. పల్నాటి ఎండల సంగతి వేరే చెప్పాలా? మా నూజెండ్లలో మధ్యాహ్నం డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. వాన చుక్క లేదు. అయినా మరక గీత దాటి జానెడు పాకింది. ఇంకోటి కూడా గమనించాను. పై పోర్షనులో అద్దెకున్నవాళ్ళు సెలవులకు ఊరెళితే, ఆ వారం రోజులూ మరక ఆరింది. వాళ్ళొచ్చిన మర్నాటికి మళ్ళీ నల్లబడింది. వాళ్ళ స్నానాలగది మా వంటింటి మీదే. ఇది వాన నీరు కాదు, గొట్టం నీరు అని చెప్పడానికి ఇంజనీరింగు చదవాలా? చెప్పాను. "చూద్దాంలే" అన్నారు.

నిజం చెప్పొద్దూ, తప్పు నాదీ ఉంది. "బాత్రూములో నీళ్ళు తొందరగా పోవట్లేదక్కా" అని పైనావిడ జనవరిలోనే నాతో అంది. నేనూ విని ఊరుకున్నాను!

ఆ "చూద్దాం"లో రెండు నెలలు గడిచాయి. ఒక రాత్రి అన్నాలు తిని హాల్లో కూర్చున్నాం. వంటింట్లో దబ్బున చప్పుడు. చేటంత పెచ్చు ఊడి గ్రైండరు మీద పడింది. పది నిమిషాల ముందు మా పాప అక్కడే పీట వేసుకుని హోంవర్కు చేసుకుంటోంది. పైకి చూస్తే తుప్పుపట్టిన ఊచలు పక్కటెముకల్లా కనపడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. మొదటి మాట, "సారు లేరా అమ్మా?" రెండో మాట, "ఇదెంతమ్మా, పూటలో మాలు కొట్టేస్తా. పైన రంగేస్తే కనపడదు."

ఆ "కనపడదు" దగ్గరే నా గొడవంతా. కనపడకుండా చేయడం జనవరిలోనే చేశాం కదా! ఇనుము తుప్పుపడితే రెండింతలకు పైనే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే కింద ఉన్న కాంక్రీటును నెట్టేస్తుంది. స్లాబు ఊచల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని మన దేశపు నిర్మాణ ప్రమాణాలు చెబుతున్నాయి. మా ఇంట్లో కొన్నిచోట్ల ఊచ పూతకు ఆనుకునే ఉంది. కట్టేటప్పుడు ఊచల కింద సిమెంటు బిళ్ళలు పెట్టారో లేదో చూసిందెవరు? శంకుస్థాపనకు పసుపు కుంకుమలతో నన్ను కూర్చోబెట్టారు గానీ, స్లాబు పోసేరోజు నేను కూలీలకు టీలు కాస్తున్నాను.

ముందు నీరు ఆగాలి అని పట్టుబట్టాను. పైన గచ్చు తవ్విస్తే, నీళ్ళు బయటికి పోయే గొట్టం అతుకు దగ్గర పగిలి ఉంది. అది మార్పించాక, వంటింట్లో ఆ వైపు కరెంటు తీయించి, పొయ్యి వరండాలోకి మార్చి, స్లాబును మూడు వారాలు ఆరనిచ్చాను. ఈ మూడు వారాలే ఇంట్లోవాళ్ళకు కష్టమైంది. "ఇంకా ఎన్నాళ్ళు ఈ వరండా వంట?" అని రోజూ సణుగుడు.

తర్వాత కర్రతో తట్టించాను. డొల్లగా మోగినచోటల్లా కొట్టేయించాను. ఊచలను ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టని రంగు పూసి, సిమెంటు పాలు చల్లి, మాలును రెండు పల్చటి పొరలుగా వేశారు. వారం రోజులు నీళ్ళు కొట్టాం. లప్పం, రంగు అన్నిటికంటే చివర. మా ఊచలు పైపైన తుప్పుపట్టాయంతే. అరిగి సన్నబడితే మాత్రం అది మేస్త్రీ పని కాదమ్మా, ఇంజనీరును పిలవాల్సిందే.

ఇల్లు ఊడ్చేది, తుడిచేది, బూజు దులిపేది మనం. బూజు దులిపేటప్పుడు కప్పు వంక చూడక తప్పుతుందా? పగులైనా చెమ్మైనా ముందు మన కంటే పడుతుంది. అయినా "నీకేం తెలుసు" అనేస్తారు. మనమూ "మనకెందుకులే" అనుకుంటాం. మేస్త్రీ నంబరు మన ఫోనులోనూ ఉండాలి. కూలి ఎంతో, సిమెంటు బస్తా ధరెంతో మనకూ తెలియాలి.

మొన్న పడగ్గది మూల కొత్తగా ఒక మరక కనిపించింది. మా వారే స్టూలు తెచ్చి వేసి, "పెన్సిలెక్కడ పెట్టావు?" అన్నారు.