ఉప్పు తగ్గితే పౌరుషం తగ్గదు

“ఉప్పూ కారం తినడం లేదా?” అన్న ప్రశ్న మనలో పౌరుషానికి పరీక్ష. అన్యాయాన్ని సహించి ఊరకున్నవానిని ఆ మాటతోనే పొడుస్తారు. మాటగా ఉన్నంతవరకు దానితో నాకు పేచీ లేదు. అది కంచంలోకి దిగినప్పుడే అభ్యంతరం. రక్తపోటు ఉన్న ఇంటిపెద్దకు ఉప్పు తగ్గించి వడ్డిస్తే “నన్ను అప్పుడే రోగిష్టిని చేశారా?” అని కంచం నెట్టివేస్తాడు. నింద వండిన ఇల్లాలి మీద పడుతుంది. మరునాటి నుండి కూరలో మళ్ళీ ఎప్పటి ఉప్పే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుండి వచ్చిన కుటుంబాల నోట ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఈ ఉప్పు గౌరవం ఊరక పుట్టలేదు. మన ప్రాంతం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. రైలు రాకముందు లంబాడీల ఎడ్ల బిడారులు మోసుకొచ్చిన ఉప్పే దిక్కు. అటువంటి చోట ఒకరి ఉప్పు తినడమంటే వారి అరుదైన సొత్తులో పాలు పంచుకోవడమే. అందుకే “ఉప్పు తిన్న విశ్వాసం” అన్నారు. దీపాలు పెట్టిన తరువాత ఉప్పు బదులు ఇవ్వకపోవడం, చేతికి చేయి అందించకపోవడం కూడా కొరత కాలపు మర్యాదలుగానే నాకు తోస్తున్నవి. నేడు ప్రతి కిరాణా కొట్టులోనూ ఉప్పు పొట్లాలు గుట్టలుగా ఉన్నవి. కొరత పోయింది, మర్యాద మాత్రం నాలుక మీద మిగిలింది.

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఒక చిన్న చెంచాడు. కూర, పప్పు, తొక్కు, అప్పడం, మిక్చర్ అన్నీ కలిపి ఆ చెంచాలోనే ఇమడాలి. మన భోజనంలో ఒక్క తొక్కే అందులో ఎంత భాగం మింగుతుందో ఎవరికి వారు చూసుకోవచ్చును.

“మా తాత గటకలో తొక్కు నంజుకొని తొంభై ఏండ్లు బ్రతికాడు” అని వాదించేవారు తప్పక ఉంటారు. ఆ తాత పొద్దంతా ఎండలో నాగలి పట్టి, తిన్న ఉప్పులో కొంత చెమటగా కార్చినవాడు. రామగుండం ఎండలో కూలి చేసేవారు నేటికీ మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుంటే కాదనను. కుర్చీలో కూర్చున్న మనుమడికి ఆ లెక్క వర్తించదు. పైగా ఆ తాతతో పాటు పుట్టి, యాభై ఏండ్లకే పక్షవాతంతో మంచాన పడినవారి రక్తపోటును ఆనాడు ఎవరు కొలిచారు?

దిష్టి తీసే దొడ్డుప్పుతో నాకు తగువు లేదు. పొయ్యిలో అది చిటపటలాడేది కంటి దోషం వలన కాదు, స్ఫటికంలో చిక్కుకున్న నీరు వేడికి ఆవిరై పగలడం వలన. అయినా గుప్పెడు ఉప్పు కూరలో పడక పొయ్యిలో పడుతున్నందుకు సంతోషమే! జ్వరం వచ్చిన బిడ్డను దిష్టి తీసి ఇంటనే ఉంచితే మాత్రం ఊరుకోను.

విచిత్రమేమంటే, వైద్యుని పక్షాన నిలిచే సామెత కూడా మనకున్నది: “ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగవలసిందే.” తప్పు చేసినవాడిని గురించి అన్నదే అయినా శరీరధర్మం అక్షరాలా అదే. ఎక్కువైన సోడియం నీటిని పట్టి ఉంచుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల గోడల మీద ఒత్తిడి హెచ్చుతుంది. పౌరుషాన్ని పొగిడే సామెతను పట్టుకొని దీనిని వదిలివేశాము.

ఉప్పు మానమని నేననడం లేదు. అయోడిన్ కలిపిన ఉప్పునే వాడండి, కొద్దికొద్దిగా తగ్గించండి, రోగికి వేరుగా కాక ఇంటిల్లిపాదికీ ఒకే కూర వండండి. కొన్ని వారాలలో నాలుక అలవాటు పడుతుంది. అంతవరకు ఇంటిపెద్ద కంచం నెట్టకుండా కూర్చుంటే చాలు.