అతివాహకాలకు అసలు పరీక్ష అయస్కాంత క్షేత్రమే

గది ఉష్ణోగ్రతలోనే పనిచేసే అతివాహకం దొరికిందంటూ 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు చేసిన ప్రకటన ప్రపంచమంతటా సంచలనం రేపింది. ‘ఎల్‌కే-99’పై ఆ వాదన కొద్ది వారాల్లోనే వీగిపోయింది. అయితే ఈ చర్చలో ఒక కీలక ప్రశ్న మరుగునపడింది. నిరోధం లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసే గుణం ఎంత ఉష్ణోగ్రత వరకు ఉంటుందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో అది నిలుస్తుందా అన్నదే పదార్థం విలువను తేలుస్తుంది.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ వెలుగులోకి తెచ్చిన రాగి ఆక్సైడ్ అతివాహకాలు పొరలు పొరలుగా ఉంటాయి. అయస్కాంత క్షేత్రం వీటిలోకి సన్నని సుడుల రూపంలో చొరబడుతుంది. ఇలాంటి సుడులు ఏర్పడతాయని 1957లోనే అబ్రికొసోవ్ సిద్ధాంతపరంగా చెప్పారు. విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడు సుడులు కదిలితే శక్తి వృథా అయి, నిరోధం తిరిగి తలెత్తుతుంది.

బిస్మత్ ఆధారిత పదార్థాల్లో పొరల మధ్య బంధం బలహీనం. దాంతో ప్రతి సుడీ పొరకొక బిళ్లగా విడిపోయి, వేడికి సులువుగా జారిపోతుంది. ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, పొరలకు లంబంగా ఒక టెస్లాలోపు క్షేత్రం ఉన్నా ఇవి నిలవలేవు. ఆసుపత్రుల్లోని అనేక ఎంఆర్‌ఐ యంత్రాలకు 1.5 టెస్లా అవసరం. యిట్రియం ఆధారిత పదార్థాల్లో పొరల బంధం గట్టిది కనుక, అదే ఉష్ణోగ్రతలో అవి కొన్ని టెస్లాలను తట్టుకుంటాయి. సుడులను కట్టిపడేసేందుకు వాటిలో కావాలనే సూక్ష్మ లోపాలను కల్పిస్తారు.

ఈ మెలకువ ఫలితం 2021 సెప్టెంబరులో కనిపించింది. అమెరికాలోని ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ సంస్థలు ఈ కోవకు చెందిన 267 కిలోమీటర్ల టేపుతో 20 టెస్లాల అయస్కాంతాన్ని నడిపి చూపాయి. దానిని మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాల్సి వచ్చింది. అంటే, అధిక క్షేత్రం కావాలంటే ఉష్ణోగ్రతలో రాజీ తప్పదు.

భారత్‌కూ ఇది పట్టించుకోవాల్సిన విషయమే. గాంధీనగర్ సమీపంలోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఉన్న ఎస్‌ఎస్‌టీ-1 అయస్కాంతాలు నియోబియం-టైటానియంతో తయారైనవి. వాటికి హీలియం శీతలీకరణ తప్పనిసరి. ఆ హీలియం కోసం దేశం ప్రధానంగా దిగుమతులపైనే ఆధారపడుతోంది. నత్రజనిని మాత్రం గాలి నుంచే తీసుకోవచ్చు.

1987లో యిట్రియం అతివాహకాన్ని గుర్తించడంలో బెంగళూరులోని సి.ఎన్.ఆర్. రావు బృందం ముందువరుసలో నిలిచింది. పదార్థాన్ని కనుగొనడం తొలి అడుగు మాత్రమే. సుడులను నిలువరించే టేపును కిలోమీటర్ల కొద్దీ లోపరహితంగా తయారుచేయగల పరిశ్రమ ఉన్నప్పుడే ఆ విజ్ఞానం ప్రయోగశాల దాటి దేశానికి ఉపయోగపడుతుంది.